క్షమ గురించి మా అత్తయ్య రాసిన వ్యాసం

మా అత్తయ్య ఆస్పత్రి లాండ్రీలో సూపర్‌వైజరు. వార్డుల నుంచి దుప్పట్లు, దిండు గలీబులు, ఆపరేషన్ గౌన్లు గుట్టలుగా వచ్చి పడే ఆ కింది అంతస్తులో మెషిన్ల మోతను మించి వినిపించేది ఆవిడ గొంతే. అక్కడ పనిచేసేవాళ్ళు వెనకాల ఆవిణ్ణి సైరన్ అంటారు. ఆ సంగతి ఆవిడకు తెలుసు, లోలోపల కాస్త గర్వం కూడా. ముక్కు మీద కోపం అంటారు అందరూ. నేను చూసినంతలో ఆవిడ కోపం రెండు రకాలు. ఒకటి రోజువారీది, పొద్దున పుట్టి సాయంత్రం టీ తాగేసరికి పోతుంది. రెండోది పదిహేనో ఏట పుట్టింది, ఇంకా పోలేదు. అది వాళ్ళక్క మీద.

వాళ్ళక్కను మేం పెద్దత్తయ్య అంటాం. తల్లి చిన్నప్పుడే పోతే అత్తయ్యను పెంచింది ఆవిడే. అత్తయ్య పదో తరగతి మంచి మార్కులతో పాసయ్యేనాటికి పెద్దత్తయ్యకు ఒక టైలరింగ్ షాపు, ఒక చంటిపిల్ల ఉన్నాయి. ఒకరోజు బడి నుంచి టీచరమ్మ ఇంటికొచ్చి, ఈ పిల్లను కాలేజీలో చేర్పిద్దాం, ఫీజు సంగతి నేను చూసుకుంటాను అంది. పెద్దత్తయ్య చాలా మర్యాదగా, "మేమూ చదువుకోమనే అంటున్నామండీ. దానికే చదువంటే ఇష్టం లేదు" అంది. పక్కగదిలో తలుపు వెనక కూర్చుని అత్తయ్య ఈ మాట వింది. టీచరమ్మ వెళ్ళిపోయింది. అత్తయ్య చదువు అక్కడితో సరి. ఆ తర్వాత గుండీలు కుట్టడం, పిల్లను ఎత్తుకు తిప్పడం, పెళ్ళి, లాండ్రీ.

అంతటితో పోయినా బాగుండేది. ఏ పెళ్ళిలో కలిసినా పెద్దత్తయ్య పదిమంది ముందు నిట్టూర్చేది. "మా చెల్లి చదువుకోమంటే వింటేనా. వినుంటే ఈపాటికి ఏ ఆఫీసర్ అయ్యుండేదో." అత్తయ్య పళ్ళు కొరుక్కుంటూ ఇంటికొచ్చేది. ఆ రోజు మా ఇంట్లో గిన్నెలు వాటంతటవే చప్పుడు చేసేవి.

ఉద్యోగం ఇంకొన్నాళ్ళే ఉందనగా ఆవిడ డిస్టెన్స్ డిగ్రీలో చేరింది. ఈ వయసులో ఎందుకమ్మా అని మా ఆయన అడిగితే, "మీ పెద్దమ్మ నోరు మూయించడానికి" అంది. దాపరికం ఏమీ లేదు. పట్టా గోడకు తగిలించి, దాని కింద కుర్చీ వేసి, అక్కను పిలిచి కూర్చోబెడతానని చెప్పేది. కానీ ఆవిడకు అసలు కావలసింది పట్టా కాదని మాకందరికీ తెలుసు. ఆ రోజు నేను అబద్ధం చెప్పాను అని అక్క తన నోటితో ఒక్కసారి అనాలి. అంతే.

మొదటి ఏడాదిలోనే ఇంటి దగ్గర రాసి పంపాల్సిన వ్యాసం ఒకటి వచ్చింది. "తప్పు చేసినవారిని క్షమించడం మన బాధ్యతేనా? కారణాలతో చర్చించండి." ఆ ప్రశ్న చదివి అత్తయ్య నవ్విన నవ్వుకు నాకు కాస్త భయమేసింది. ఆదివారమంతా వంచిన తల ఎత్తకుండా రాసి పంపించేసింది. వారం తిరక్కుండా అది వెనక్కొచ్చింది. చివరి పేజీలో మాస్టారు రాశారు: "ఆవేశం ఉంది, వాదన లేదు. ఒక క్రమమూ లేదు. నెలాఖరులోగా తిరిగి రాసి ఇవ్వండి, లేకుంటే ఈ పేపరు తప్పినట్టే."

"వాదన లేదట" అంది అత్తయ్య. "మా అక్క పిల్లను ఒక్కరోజు చంకనేసుకుని ఉంటే తెలిసేది ఆయనకి, వాదన ఉందో లేదో." ఆ కాగితాలు తెచ్చి నా ముందు పడేసింది. "నువ్వు బడిలో పిల్లల వ్యాసాలు దిద్దుతావుగా. ఇదీ దిద్దు."

ఈ మనిషి నేను కాపురానికి వచ్చిన నాటి నుంచి, నేను మడతపెట్టిన ప్రతి దుప్పటీ విప్పి మళ్ళీ మడతపెట్టిన మనిషి. నేను తుడిచిన పొయ్యి మీద వేలు పెట్టి గీసి, ఆ వేలు నాకు చూపించిన మనిషి. అలాంటావిడ రాత నా చేతికి చిక్కింది. ఇంట్లో ఎర్ర పెన్ను లేకపోతే వీధి చివరిదాకా వెళ్ళి కొనుక్కొచ్చుకున్నాను.

చదివాను. మొదటి పేజీలో పెద్దత్తయ్య గురక. రెండో పేజీలో ఆవిడ పిసినారితనం, టీలో పాలు తక్కువ పోయడం. తర్వాత ఎప్పుడో పోయిన జడపిన్ను, దాన్ని ఆవిడే తీసిందన్న అనుమానం. ఒక పేజీ నిండా ఆవిడ నడక. టీచరమ్మ సంగతి మాత్రం ఆరో పేజీలో రెండు వాక్యాలు. అది కూడా జడపిన్ను పక్కన.

"అత్తయ్యా, ఈ పేరాలో మీరేం చెప్పదలుచుకున్నారు?"

"అది పాపిష్ఠిది అని."

"పై పేరాలోనూ అదే చెప్పారుగా."

"అది వేరే సందర్భం."

గురక కొట్టేశాను. టీ కొట్టేశాను. నడక కొట్టేసేటప్పుడు ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. "అదొక్కటి ఉంచవే. బాగా వచ్చింది." నిజంగానే బాగా వచ్చింది. అయినా కొట్టేశాను. నా జన్మలో ఎర్ర పెన్ను అంత హాయిగా నడవలేదు.

మిగిలిన ముక్కల్ని కత్తెరతో కత్తిరించి మంచం మీద పరిచాం. ఏది ముందు, ఏది వెనక అని జరుపుకుంటూ కూర్చున్నాం. ఫ్యాను ఆపేసి చెమటలు కారుతున్నా ఎవరూ లేవలేదు. మా ఆయన వచ్చి చూసుకోకుండా రెండో కారణం మీద కూర్చుంటే తల్లి చేతిలో చీవాట్లు తిన్నాడు. చివరికి ఒక దారి దొరికింది. క్షమ అనేది తప్పు ఒప్పుకున్నవాళ్ళకు ఇచ్చేది. ఒప్పుకోని మనిషిని క్షమించడమంటే అసలు తప్పే జరగలేదని మనం సంతకం పెట్టి ఇవ్వడం. ఈ మాట ముందు పెట్టి, కారణాలు వరసగా వెనక కూర్చాం. తిట్టు ఒక్కటి లేదు. తిట్లు తీసేసినకొద్దీ ఆ కాగితం చూస్తే భయమేసేలా తయారైంది.

"ఇప్పుడు అవతలివాళ్ళ వాదన రాయాలి" అన్నాను.

"దానికి వాదనేంటి, మొహం."

"మీరు ఒక్కరే మాట్లాడి మీరే తీర్పు చెప్పుకున్నారు అత్తయ్యా. అవతలి మనిషి ఏమంటుందో కూడా రాసి, దానికి జవాబు చెప్తేనే వాదన నిలబడుతుంది. లేకపోతే మాస్టారు మళ్ళీ తిప్పి పంపిస్తారు."

ఆవిడ కాసేపు ఆలోచించింది. "సరే పద. వెళ్ళి అడిగేద్దాం."

పెద్దత్తయ్య షాపు చెప్పుల కొట్టు పైన, ఇరుకు మెట్లెక్కి వెళ్ళాలి. కిటికీ పక్కన కుట్టుమిషను, గోడకు కత్తెరలు, మూలన యూనిఫాం చొక్కాల కట్టలు. చెల్లెలు తనంతట తాను గడప తొక్కిందని పెద్దత్తయ్య మొహం విప్పారింది. కుర్చీ మీది గుడ్డముక్కలు దులిపింది, టీకి చెప్పింది. అత్తయ్య కూర్చుని పెన్ను మూత తీసింది.

"ఆ రోజు టీచరమ్మతో నాకు చదువంటే ఇష్టం లేదని ఎందుకన్నావక్కా? చెప్పు, వ్యాసంలో రాయాలి."

పెద్దత్తయ్య నా వైపు చూసింది. నేను గోడకున్న కత్తెరల వైపు చూశాను. ఆవిడ మళ్ళీ చెల్లెలి వైపు తిరిగింది. "నువ్వు తలుపవతలే ఉన్నావుగా. వింటున్నావని నాకు తెలుసు. బయటికొచ్చి, నాకు చదువుకోవాలనుంది అని ఒక్క మాట అనుంటే నేనేం చెయ్యగలిగేదాన్నే? నువ్వు రాలేదు. మరి నీకూ ఇష్టం లేదనే కదా అనుకోవాలి."

అత్తయ్య అక్షరం పొల్లుపోకుండా రాసుకుంది. టీ వచ్చేలోపే లేచింది. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో కండక్టరు చిల్లర లేదని విసుక్కున్నా ఆవిడ పల్లెత్తు మాట అనలేదు.

ఇంటికొచ్చాక, "అది రాయక్కర్లేదు" అంది.

"అదే రాయాలి" అన్నాను. "అంత గట్టి మాట వదిలేస్తే మీరు గెలిచినట్టు కాదు."

ఆవిడ నన్ను చూసిన చూపుకు ఇంకెవరైనా అయితే ఇల్లు వదిలి పారిపోయేవాళ్ళు. గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. మర్నాడు లాండ్రీకి వెళ్తూ ఒక కాగితం నా చేతిలో పెట్టింది. దాని మీద ఇలా ఉంది:

"ఇష్టం ఉంటే ఆ పిల్ల బయటికొచ్చి ఎందుకు చెప్పలేదని అడగవచ్చు. ఆ పిల్ల ఒళ్ళో చంటిబిడ్డ ఉంది. బిడ్డకు జ్వరం. రాత్రంతా ఏడ్చి అప్పుడే కళ్ళు మూసింది. ఆ పిల్ల కదిలితే బిడ్డ లేస్తుంది. ఆ బిడ్డ అక్క బిడ్డ. అక్క బిడ్డ నిద్ర చెడకూడదని ఆ పిల్ల నోరెత్తలేదు. అక్క దాన్ని ఇష్టం లేకపోవడం కింద జమ కట్టుకుంది."

దిద్దడానికి ఏమీ లేదు. ఎర్ర పెన్ను తీసుకెళ్ళి సొరుగులో పడేశాను. ఆ క్షణం నుంచి పెద్దత్తయ్య మీద నాకూ ఒళ్ళు మండడం మొదలైంది.

వ్యాసం ఇవ్వాల్సిన ఆఖరి రోజు అత్తయ్య సెలవు పెట్టింది. మంచి కాగితాల మీద పొందిగ్గా ఎత్తి రాసిన వ్యాసం కవర్లో పెట్టి, "ముందు అక్కకి వినిపించాలి" అంది. మళ్ళీ ఆ మెట్లెక్కాం. పెద్దత్తయ్య మిషను ఆపింది. అత్తయ్య నిలబడే చదివింది, గొంతు పెంచకుండా, మొదటి వాక్యం నుంచి చివరిదాకా. చంటిబిడ్డ పేరా దగ్గర పెద్దత్తయ్య కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

చదవడం అయ్యింది.

"పాపకి జ్వరమన్న సంగతే నాకు గుర్తులేదే" అంది పెద్దత్తయ్య. "నువ్వు కాలేజీకి పోతే షాపు మూసుకోవాల్సి వచ్చేది. పిల్లను చూసుకునేవాళ్ళు లేరు. అందుకే అబద్ధం చెప్పాను. తెలిసే చెప్పాను. నన్ను క్షమించవే."

అత్తయ్య అన్నేళ్ళు ఎదురుచూసిన మాట అదే. అడిగినదానికంటే ఎక్కువే వచ్చింది. ఆవిడ మొహంలో ఏదైనా కదులుతుందేమోనని చూశాను. ఏమీ కదల్లేదు.

"ఇది కూడా అందులో రాయవే" అంది పెద్దత్తయ్య, కళ్ళు తుడుచుకుంటూ. "అక్క ఒప్పుకుందని చివర్లో ఒక్క ముక్క రాయి. లేకపోతే చదివినవాళ్ళందరికీ నేనొక రాక్షసినే కదా."

"ఆలస్యమైపోయిందక్కా" అంది అత్తయ్య. "పొద్దున్నే ఇచ్చేశాను. ఇది నకలు."

నకలు లేదు. ఉన్నది ఆవిడ చేతిలోని ఆ కాగితాలే.

"మార్చడానికి వీల్లేదా?" పెద్దత్తయ్య నన్ను అడిగింది, చదువుకున్నదాన్ని కదా అని. ఆ ముసలి మొహం చూస్తే నాకు జాలేసింది. ఉందండీ, సాయంత్రం దాకా టైముంది అని చెప్పడానికి ఎంతసేపు. నోరు మెదపలేదు. నేను అత్తయ్య పక్షం.

స్టడీ సెంటర్లో గుమాస్తా కవరు విప్పి పేజీలు సరిచూశాడు. "మూసే టైముకి ఇంకా గంట ఉందమ్మా. కావాలంటే అక్కడ కూర్చుని ఇంకోసారి చూసుకోండి, ఏమైనా మార్పులుంటే చేసుకోవచ్చు."

"ఏమీ లేవు, తీసుకోండి" అంది అత్తయ్య. అతను ముద్ర వేసి లోపలి బల్ల మీద పెట్టేదాకా ఆ కిటికీ దగ్గర నుంచి కదల్లేదు.