నేను కలిపిన బాణం

తడి నేల మీద ముగ్గు పడగానే సున్నం లాంటి వాసన ఒకటి ముక్కుకు తగులుతుంది. నరసరావుపేటలో నేనుండే అద్దె ఇంటి ముందు కాస్తంత సిమెంటు నేల ఉంది. రోజూ దాని మీద నాలుగు చుక్కలు పెడతాను. ఇవాళ వంగినప్పుడు నడుము పట్టేసి అట్లాగే కూలబడిపోయాను. లేవబుద్ధి కాలేదు. ఆ వాసనలో సరోజనమ్మ గారు గుర్తొచ్చారు. ఐదో తరగతితో బడి మానేసిన దాన్ని. ఇంతవరకూ ఏమీ రాసి ఎరగను. ఆమె గురించి మాత్రం ఎవరైనా రాయాలి. రాసేవాళ్ళు ఇంకెవరూ లేరు.

సరోజనమ్మ గారు డిగ్రీ కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. పెళ్ళి చేసుకోలేదు. నేను నూజెండ్ల దగ్గర పల్లె నుంచి వచ్చి ఆమె ఇంట్లో వంటకు కుదిరాను. అప్పటికే ఆమె కంటి లోపలి పొర పాడైంది. కాగితం మీద రాత అలుక్కుపోయినట్టు కనపడేది. పెద్దగా ఉంటే తెలిసేది. ఉన్న చూపు కూడా నిలవదని డాక్టరు చెప్పేశాడు. చూపు పోతుందన్న దిగులు ఆమెలో నేను పెద్దగా చూడలేదు. అది పోయేలోపు చేతిలో ఉన్న లెక్క తెమలదేమోనన్నదే ఆమె బాధంతా. కాలేజీలో ఉన్నన్నాళ్ళూ పాఠాలు చెబుతూ, పేపర్లు దిద్దుతూ, మిగిలిన కాస్త టైములో చేసుకుంటూ వచ్చిన లెక్క అది.

కాగితం చాలక ఆమె వరండా నేలకు దిగారు. నల్లటి నాపరాళ్ళు పరిచిన వెడల్పాటి వరండా. ఆమె చెబుతుంటే నేను ముగ్గుతో లావుగా గీసేదాన్ని. చుక్కలు, చుక్క నుంచి చుక్కకు బాణాలు. కొన్నాళ్ళు నోరు మూసుకుని గీశాను. ఒకరోజు ఉండబట్టలేక అడిగాను.

"ఏందమ్మా ఇయ్యి? ముగ్గంటే ముగ్గూ కాదు."

ఆమె చేతికర్ర పక్కన పెట్టి మెట్టు మీద కూర్చున్నారు. "మీ చేలు కాలవ కిందేగా? ప్రతి చుక్కా ఒక ఊరనుకో. పైఊరి చేలల్లో మిగిలిన నీళ్ళు కిందూరి చేలల్లోకి దిగుతయ్. అదీ బాణం. ఇప్పుడు ప్రతి ఊళ్ళో కొన్ని చేలు ఎంచుకో. నువ్వు ఎంచుకున్న చేలో నీళ్ళు కిందికి పోయినా, అక్కడ కూడా నువ్వు ఎంచుకున్న చేలోనే పడాల. పక్క చేలో పడితే నీ ఎంపిక చెల్లదు."

"ఎన్ని రకాలుగానైనా ఎంచుకోవచ్చుగా?"

"చానా రకాలుగా. చెల్లే ఎంపికలన్నీ ఒకచోట పోగేస్తే దానికో ఆకారం ఉంటది. ఆ ఆకారాన్ని సమీకరణాలతో చెప్పాలనే నా తంటా. నీ ఎంపికని వాటిలో వేసి చూస్తావు. అన్నీ సున్నా వస్తే చెల్లినట్టు. ఒక్కటి తేడా వచ్చినా చెల్లనట్టు."

"మా ఊళ్ళో నీళ్ళే రావమ్మా, ఇంక ఎంపికేంది?" అన్నాను. ఆమె చాలాసేపు నవ్వారు. "అదీ చెల్లుద్దిలే. ఏదీ ఎంచుకోకపోయినా చెల్లుద్ది," అన్నారు.

ఆమె తమ్ముడి కొడుకు శ్రీధర్ ఆదివారాలు వచ్చి, ఆమె చెప్పింది కంప్యూటర్లో కొట్టేవాడు. అట్లా తయారైన వ్యాసాన్ని విదేశాల్లో ఒక పత్రికకు పంపారు. చాన్నాళ్ళకు, అచ్చు వేస్తామని జవాబొచ్చింది. ఆ పూట ఆమె నాచేత సేమియా పాయసం చేయించుకుని, రెండు స్పూన్లు తిని, మిగతాది నన్నే తాగమన్నారు. అచ్చుకు పోయేముందు ఒకసారి చివరిదాకా సరిచూడమని పత్రికవాళ్ళు అన్నారట. మళ్ళీ వరండాలో బొమ్మ గీశాం. నాలుగు మూలలా నాలుగు చుక్కలు, ఒకదాని వెనక ఒకటి వెళ్ళే బాణాలు.

మర్నాడు పొద్దున నిద్రమొహంతో లేచి, రోజూ చేసే పనే కదా అని నీళ్ళు కొట్టి వరండా మొత్తం కడిగేశాను. కడిగాక గానీ గుర్తు రాలేదు. ఆమె లేచేలోపు చుక్కలూ బాణాలూ తలుచుకుని మళ్ళీ వేశాను. వేశాక చూస్తే ఒక పక్క తెరిచి ఉంది. గడప ముందు ముగ్గు మూయకుండా వదలటం మా ఇళ్ళల్లో లేదు. మొదటి చుక్క నుంచి చివరి చుక్కకు ఒక గీత లాగి కలిపేశాను. మిగతావాటికి ఉంది కదా అని దానికీ బాణం మొన పెట్టాను.

ఆమె వచ్చి, వంగి, ఒక్కో బాణం వెంటా కర్ర జరుపుతూ పోయారు. కర్ర ఆ గీత దగ్గర ఆగింది.

"ఇదేందే? నేను చెప్పలేదే."

"కడిగేశానమ్మా. మళ్ళీ ఏశా. తెరిచి వదలగూడదని మూశా."

"సరే," అని నవ్వారు. నేను తుడవబోతే, "ఉండనీ," అన్నారు. తర్వాత ఆమె అక్కడి నుంచి లేవలేదు. పెట్టిన ఇడ్లీ ఆరిపోయింది. మధ్యాహ్నానికి మెల్లగా చెప్పారు. వరసగా పోయే బాణాలకు సమీకరణాలు రాస్తే చాలనీ, అడ్డదారిన పోయే బాణం సంగతి వాటిలోంచే వచ్చేస్తుందనీ ఆమె రాశారట. "ఎట్టాంటి బొమ్మకైనా ఇంతే అని రాశానే. దానంతటది రాదు. అడ్డదారిన పోయే నీళ్ళు ఎక్కడ పడతయ్యో నా సమీకరణాలు అడగటంలా."

నావల్లే ఏదో చెడిందని ఏడుపు ముంచుకొచ్చింది. "నువ్వేం చేశావే, ముగ్గేశావు. తప్పు అంతకుముందు నుంచే ఉంది. నేనే ఆ పక్కకి చూడలా," అన్నారు.

ఆదివారం శ్రీధర్ తల పట్టుకున్నాడు. "అత్తా, వాళ్ళు ఒప్పుకున్నారు. ఎవరికీ కనపళ్ళా. అచ్చు కానీ, తర్వాత చూసుకుందాం."

"నాకు కనపడిందిరా. ఈ కళ్ళకే కనపడింది."

"మళ్ళీ రాయాలంటే నీకు…" అని వాడు మధ్యలో ఆపేశాడు.

"చూపు ఉండదు. అంతేగా? తెలుసు. ఎవరో ఒక పిల్ల దాన్ని నమ్మి, దాని మీద తన లెక్క కట్టుకుంటది. ఆ పిల్ల బతుకులో ఏళ్ళు కూడా నేనే తినాలా? కొట్టు. వ్యాసం వెనక్కి తీసుకుంటున్నా అని కొట్టు."

వాడు కొట్టాడు. ఆ తర్వాత ఆమె మళ్ళీ మొదలుపెట్టారు. ఒకచోటి నుంచి ఇంకోచోటికి ఒక్కటే దారి ఉండే బొమ్మలకు రాసింది నిలబడిందన్నారు. మిగతావాటికి అడ్డ బాణాల సమీకరణాలు కూడా చేర్చి, అవన్నీ కలిస్తే చాలని చూపించాలి. నేను ఇంకా లావుగా గీశాను. కొన్నాళ్ళకు అదీ ఆమె కంటికి ఆనలేదు. తర్వాత ముగ్గు మీద వేళ్ళు పెట్టి తడుముకుంటూ పోయేవారు, బాణం చెరిగిపోయేది, మళ్ళీ గీసేదాన్ని. చేతులు, చీర అంచు అంతా తెల్లగా. ఒకరోజు వేళ్ళు దులుపుకుని, "ఇంక చాల్లేవే, అలిసిపోయా," అన్నారు. ఆ తర్వాత బొమ్మ గీయమని మళ్ళీ అడగలేదు. రెండో వ్యాసం పూర్తి కాలేదు. చలికాలంలో జ్వరమొచ్చి పోయారు.

ఆమె గెలిచారని నేను చెప్పలేను. ఓడారనీ అనలేను. ఆ వరండా ఉన్న ఇల్లు ఇప్పుడు ఎవరిదో. నాకు సమీకరణం ఒక్కటీ రాదు. కానీ ఏదైనా ఖాయం చేసుకునేటప్పుడు, ఇక్కడ నేను ఉంచుకున్నది అటు పోయి ఎవరి చేలో పడుతుందా అని చూస్తాను. చూడటం వల్ల పని ఆలస్యమవుతుంది, మనుషులు విసుక్కుంటారు.

నేను లేవలేక కూర్చునుంటే ఎదురింటి మస్తానమ్మ వదిన చీపురుతో బయటికొచ్చింది.

"ఏమే, ముగ్గు మూయకుండా కూర్చున్నావేంది?"

"మూస్తాలే వదినా. ఇంకో పక్కకి ఇంకా చూడలా."


వదిన నా ముగ్గు వైపు ఒకసారి చూసి, తన వాకిలి ఊడ్చుకోవటం మొదలుపెట్టింది.