మెట్లు లేని ఇల్లు

చిన్నప్పుడే పోలియో వచ్చి బేబీకి రెండు కాళ్ళూ చచ్చుబడ్డాయి. శ్రీకాకుళంలో చేతి మిషను మీద జాకెట్లు కుట్టి కూడబెట్టి, భర్త ఎలీషాతో కలిసి ఊరి చివర కాస్త జాగా కొనుక్కుంది. ఇన్నాళ్ళూ ఉన్న ప్రతి అద్దింట్లోనూ ఎవరో ఒకరు ఆమెను ఎత్తి గడప దాటించాల్సి వచ్చేది.

ఇంజినీరు గురుప్రసాద్ ప్లాను గీసి తెచ్చాడు. నాగావళి పొంగితే ఆ వీధిలోకి నీళ్ళొస్తాయని పునాది బాగా ఎత్తు పెట్టాడు. ముందు వైపు గ్రానైటు మెట్లు, పక్కనే ఎలీషా బండికి షెడ్డు, చక్రాల కుర్చీ కోసం వెనక వంటింటి వైపు ర్యాంపు. ఖర్చు మాత్రం వాళ్ళు అనుకున్నదాన్ని దాటిపోయింది.

"ర్యాంపు పొట్టిగా, కాస్త నిటారుగా కట్టేస్తే ఖర్చు తగ్గుతాదమ్మా. ఎలీషా గారు తోస్తారు కదా," అన్నాడతను.

బేబీ ప్లాను వంక చాలాసేపు చూసింది. సొంతింట్లోకి కూడా పెరటి దారినేనా, అదీ ఇంకొకరు తోస్తేనేనా అనిపించింది.

"మెట్లు తీసేయండి బాబూ. ర్యాంపునే ముందుకి తెచ్చి, నా అంతట నేను ఎక్కేలాగ పొడుగ్గా కట్టండి."

ఎలీషా తెల్లబోయాడు. "మెట్లు లేని ఇల్లేటే? సుట్టాలు ఏటనుకుంటారు?"

"ఆళ్ళకి కాళ్ళున్నాయి కదా మావా. ర్యాంపు మీంచే నడిసొస్తారు."

అంత పొడుగు ర్యాంపుకి ముందు జాగా చాలదన్నాడు గురుప్రసాద్. ఎలీషా ప్లానులో షెడ్డు మీద వేలు పెట్టాడు. "నా బండికి షెడ్డెందుకు? అదీ తీసేయండి," అన్నాడు.

కొత్త ప్లానులో ర్యాంపు ప్రహరీ పక్కగా సాగి, ఓ మలుపు తిరిగి వీధి గుమ్మం చేరింది. మెట్లూ షెడ్డూ పోవడంతో ఖర్చు వాళ్ళ తాహతులోకి వచ్చింది.

"పునాదికి ముగ్గెప్పుడు పోస్తారు బాబూ?" అని అడిగింది బేబీ.