మే పువ్వుకు కాయ ఉంటుందా

ఆర్డిత్ వీనాట్ సముద్రపు ఒడ్డు పిల్ల. లూనెన్‌బర్గ్ రేవు దగ్గర, చేపలు ఎండబెట్టే వాసనలో పుట్టి పెరిగింది. యుద్ధం ముగిసిన మరుసటి ఏడు హిబ్బర్ట్‌ను పెళ్ళాడి, లహావ్ నది ఎగువన అడవి మధ్య ఉన్న మా ఊరికి వచ్చింది. హిబ్బర్ట్ రంపపు మిల్లులో దుంగలు కోసేవాడు. ఆమె ఆ మిల్లు వంటశాలలోనే చేరి, పనివాళ్ళకు బీన్సూ బంగాళాదుంపలూ ఉడికించి పెట్టేది. వాళ్ళ ఇల్లూ మా ఇల్లూ ఎదురెదురు. ఇక్కడ చెప్పేది కొంత నేను కళ్ళారా చూసింది, కొంత మా వంటింట్లో టీ తాగుతూ ఆమె చెప్పింది.

మా ఊరివాళ్ళం అడవిలో ఉన్నదాన్ని ఉన్నట్టు ఒప్పుకుంటాం. ఆర్డిత్‌కు ఆ అలవాటు లేదు. చలికాలమంతా మంచు కింద నలిగిన ఆకు పచ్చగా ఎలా ఉందని అడిగేది. ముళ్ళపంది గొడ్డలి పిడిని ఎందుకు కొరుకుతుందని అడిగేది. అత్తగారు నయోమి మొదట్లో ఏదో ఒక జవాబు చెప్పేది. తర్వాత తర్వాత, ‘దేవుడు చేశాడు, నాతో చెప్పి చెయ్యలేదు’ అని ఊరుకునేది.

వసంతం వచ్చిందని మాకు చెప్పేది మే పువ్వు. పైన్ చెట్ల నీడలో అక్కడక్కడా మంచు మిగిలి ఉండగానే, నేలను అంటిపెట్టుకుని పాకే ఆ తీగ పూస్తుంది. తోలులా మందమైన ఆకులు, వాటి మీద తుప్పు మచ్చలు. ఆకు ఎత్తి చూస్తే గాని పువ్వు కనబడదు. వాసన మాత్రం మనం వంగకముందే ఎదురొస్తుంది. నయోమి చిన్నపిల్లగా ఉన్నప్పటి నుంచీ ఏటా ఆ పూలు కోసి, గుత్తులు కట్టి రైలు స్టేషన్ దగ్గర అమ్మేది. కొత్త కోడల్నీ వెంట తీసుకెళ్ళింది. ఆర్డిత్ ఆకుల కింద ముఖం పెట్టి ఎంతకీ లేవకపోతే, కళ్ళు తిరిగాయేమోనని నయోమి భయపడిందట.

ఒక చలికాలం మిల్లువాళ్ళు గట్టు మీది పైన్లు కొట్టి, గుర్రాలతో దుంగలు లాగించడానికి బాట వేశారు. ఆ బాట మే పువ్వు పరుచుకున్న చోటు మీదుగానే వెళ్ళింది. మంచు కరిగాక ఆర్డిత్ వెళ్ళి చూస్తే సగం తీగలు బురదలో కలిసిపోయి ఉన్నాయి. మిగిలిన వాటిలో పువ్వులు బాగా పెద్దవిగా ఉన్న తీగను ఏరి, పారతో తవ్వి తెచ్చి, నయోమి డేలియా మడి పక్కన దండిగా పశువుల ఎరువు వేసి నాటింది.

నయోమి చూసి నవ్వింది. ఊళ్ళో ప్రతి ఆడదీ ఎప్పుడో ఒకప్పుడు ఆ పని చేసిందేననీ, ఏ పెరట్లోనూ అది రెండో వేసవిని చూడలేదనీ చెప్పింది. ఆ మాట నిజమే అయింది. ఆగస్టు నాటికి ఆకులు గోధుమరంగుకు తిరిగి, వేలితో తాకితే పొడి అయ్యాయి.

మరొకరైతే అంతటితో వదిలేసేవాళ్ళు. ఆర్డిత్ చచ్చిన మొక్కను పీకి, గిన్నెలో నీళ్ళు పోసి వేళ్ళు కడిగింది. వెంట్రుకల కంటే సన్నగా ఉన్నాయి. అడవి మట్టి పట్టుకుని ఉన్నచోట వేళ్ళు ఇంకా బతికే ఉన్నట్టున్నాయి. ఎరువు తగిలినచోట నల్లగా కుళ్ళాయి. పక్కన బంగాళాదుంపలు చెక్కుతున్న నయోమి గిన్నెలోకి తొంగి చూసింది.

“దానికి దాని పుట్టింటి మట్టి కావాలి. నీ సంగతి మాత్రం? వచ్చిన కొత్తలో నువ్వు వాడిపోలేదూ? మీ అమ్మ ఉప్పు చేప పంపాక గాని మొహంలోకి రక్తం రాలేదు.”

నయోమి దెప్పుదామనే అంది. ఆర్డిత్ దాన్ని దెప్పుడుగా తీసుకోలేదు. మరుసటి ఏడు తీగను దాని కింది నేలతో సహా, వేళ్ళు కదలకుండా, వెడల్పుగా కోసి తెచ్చింది. దానితోపాటు తోపుడు బండి నిండా అడవి మట్టీ, రాలిన పైన్ సూదులూ తెచ్చింది. ఎరువు జోలికి పోలేదు. ఇంటి వెనక ముసలి పైన్ చెట్టు కింద నాటింది. బండి తోసింది హిబ్బర్టే. లోకమంతా అడవి నుంచి కట్టెలు తెచ్చుకుంటే తన భార్య అడవినే తెచ్చుకుంటోందని మిల్లులో చెప్పుకున్నాడు.

ఆ మొక్క బతికింది. రెండో వేసవీ దాటింది, మూడోదీ దాటింది.

అప్పుడు ఆర్డిత్ దాన్ని పెంచడం మొదలుపెట్టింది. పాకే కొమ్మను నేలకు అదిమి, తలపిన్ను గుచ్చి, పైన సూదులు కప్పేది. ఏడాది తిరిగేసరికి పిన్ను దగ్గర వేళ్ళు పట్టేవి. తల్లి నుంచి కోసి మరో చోటికి మార్చేది. చలికాలంలో మంచు సరిగా పడకపోతే స్ప్రూస్ చెట్ల కొమ్మలు కప్పి కాపాడేది. ఆమె తలపిన్నులన్నీ నేలలోనే ఉండేవి కాబట్టి ఆదివారం చర్చిలో టోపీ కింద నుంచి జుట్టు జారిపోతూ ఉండేది. కొన్నేళ్ళకు ఆ ముసలి పైన్ చుట్టూ కంబళి పరిచినట్టయింది. ఊళ్ళో అడిగినవాళ్ళకల్లా అంట్లు ఇచ్చింది, నాకూ ఇచ్చింది.

అంతా బాగుందనుకునేసరికి ఆర్డిత్‌కు మరో ప్రశ్న పుట్టింది. ఇంత పువ్వు పూసింది కదా, కాయ ఏది?

నన్ను అడిగింది. చర్చిలో ఆడవాళ్ళను అడిగింది. ఎవరూ చూడలేదు. ఏటా ఆ పూలు కోసే నయోమి కూడా చూడలేదు. పువ్వులు అయిపోగానే నల్ల ఈగల కాలం వస్తుంది, చెవుల వెనక నెత్తురు కారేలా కుడతాయి. ఆ రోజుల్లో పనిలేకుండా అడవికి ఎవరు వెళ్తారు? అందరం మేలో వెళ్ళేవాళ్ళం, పువ్వు కోసుకుని వచ్చేవాళ్ళం. ఆ తర్వాత అక్కడ ఏం జరుగుతుందో మాకెవరికీ తెలియదు.

జూన్ ఆఖరున ఆర్డిత్ టోపీ మీద నుంచి పాత కిటికీ తెర వేలాడదీసుకుని ఒక్కతే గట్టు మీదికి వెళ్ళింది. మధ్యాహ్నం గుర్రాలు తోలేవాళ్ళు మిల్లుకు వచ్చి, నీ భార్య అడవిలో బోర్లా పడి ఉందని హిబ్బర్ట్‌తో చెప్పారు. అతను రంపం ఆపించి పరుగెత్తాడు.

“ఆర్డిత్, దెబ్బ తగిలిందా?”

“లేదు. మెల్లగా నడు. చీమలు పనిలో ఉన్నాయి.”

అతను ముందు తిట్టాడట. తిట్టడం అయ్యాక పక్కనే పడుకుని చూశాడు. ఆకుల కింద బఠాణీ గింజంత కాయ, నూగుతో ఉన్న తొక్క నక్షత్రంలా అయిదు పాయలుగా విచ్చుకుని ఉంది. లోపల తెల్లటి గుజ్జు, దాని మీద స్ట్రాబెర్రీ మీద ఉన్నట్టు సన్నటి గింజలు. చీమలు గుజ్జు తునకలు పెరికి, గింజలతో సహా మోసుకుపోతున్నాయి. మిల్లులో ఒక్క దుంగకు ఇంతమంది పనివాళ్ళు ఎప్పుడూ దొరకలేదని హిబ్బర్ట్ అన్నాడు.

మరి మన పెరట్లోది ఎందుకు కాయలేదని కూడా అతనే అడిగాడు. ఆమెకూ తెలియదు. అడవిలో కూడా కొన్ని తీగలకు కాయలున్నాయి, కొన్నింటికి ఒక్కటీ లేదు. కాయ ఉన్న తీగకు ఎర్ర ఊలు దారం కట్టి వచ్చింది.

మళ్ళీ మే వచ్చేదాకా ఆగవలసి వచ్చింది. పూసిన రోజున దారం కట్టిన తీగ పువ్వులూ, పెరటి పువ్వులూ వేరువేరు సాసర్లలో పెట్టి, వంటింటి బల్ల మీద గోటితో చీల్చి చూసింది. నయోమి బైబిల్ చదువుకునే భూతద్దం అడిగి తీసుకుంది. పెరటి పువ్వుల్లో నిండా పసుపు పొడి. దారం తీగ పువ్వులు కాస్త చిన్నవి, వాటిలో పొడి లేదు. నడుమ మాత్రం అయిదు కొనల నక్షత్రం ఒకటి, జిగటగా మెరుస్తోంది. ఆర్డిత్ రెండు సాసర్లూ అత్తగారి ముందుకు తోసింది.

నయోమి ఒక్కో పువ్వునూ భూతద్దం కింద పెట్టి చూసింది. జీవితమంతా కోళ్ళనూ ఆవులనూ పెంచిన మనిషి.

“ఇవి మగవి,” అంది పెరటి సాసరు చూపిస్తూ. “నీ పెరడంతా మగవే.”

అప్పుడు ఆర్డిత్‌కు అర్థమైంది. పెద్ద పువ్వులని ముచ్చటపడి తెచ్చింది ఒకే తీగ. ఎన్ని అంట్లు తొక్కినా, ఊరంతా పంచినా, అదంతా ఆ ఒక్క మగ తీగే. రాత్రి భోజనాల దగ్గర సంగతి విని హిబ్బర్ట్ చెంచా కింద పెట్టాడు.

“అయితే ఇన్నేళ్ళూ నువ్వు మన ఇంటి వెనక పెళ్ళికాని మిల్లువాళ్ళ బస నడుపుతున్నావన్నమాట. పగలు వాళ్ళకు వండిపెట్టేది చాలక.”

మా ఇంటి వెనకదీ బసే అయింది. అది విని మా ఆయన వారం రోజులు నవ్వాడు.

ఎర్ర దారం తీగను ఆర్డిత్ ఆ వేసవి చివర, వానలు పడ్డాక తెచ్చింది. అది కుదురుకోవడానికి ఒక ఏడాది పట్టింది. ఆ మరుసటి మేలో తుమ్మెదలు పువ్వు నుంచి పువ్వుకు తిరిగాయి. జూన్ గడిచాక ఒక ఉదయం ఆమె నయోమి చెయ్యి పట్టుకుని పెరట్లోకి నడిపించింది. నయోమికి అప్పటికే మోకాళ్ళు పట్టేసేవి. అయినా ఒంగి, పైన్ సూదుల మీద కూర్చుంది. ఆర్డిత్ ఆకు ఎత్తి చూపించింది. నయోమి ఒక కాయ తుంచి నోట్లో వేసుకుంది.

“తియ్యగానే ఉంది,” అంది. ఇంకొకటి తుంచి అరచేతిలో పెట్టుకుని, “ఇన్నేళ్ళు దీన్ని కోసి అమ్మాను. దీనికి పిల్లలుంటాయని ఒక్కనాడూ తట్టలేదు,” అంది.

ఆ మాట విన్నప్పటి సంగతి ఆర్డిత్ తర్వాత నాతో చెప్పింది. ఆమెకు సంతోషమూ వేసింది, అత్తగారిని చూస్తే ఏదోలానూ అనిపించింది. నయోమి ఆ తర్వాత కూడా పువ్వులు కోసింది, అమ్మింది. అయితే ఒక్కో తీగ దగ్గర సగం వదిలేసి లేచేది.

గింజలు కొన్ని ఆర్డిత్ ఒక పెట్టెలో అడవి మట్టి నింపి చల్లింది. గుండుసూది తలంత మొలకలు వచ్చాయి. చాలామటుకు మొదటి చలికాలమే పోయాయి. ఎవరూ నాటకుండా చీమలు మోసుకుపోయినవి మాత్రం కట్టెల మోపు పక్కనా, రాళ్ళ సందుల్లోనూ లేచాయి.

ఇప్పుడు ఆ గట్టు మీది పెద్ద పైన్లన్నీ కొట్టేశారు. నయోమి పోయింది, హిబ్బర్ట్ మిల్లు మానేశాడు. గుర్రాలు నేలను చీల్చని చోట్లు అతనికి తెలుసు గనుక, భార్యాభర్తలిద్దరూ వెళ్ళి అక్కడ మగా ఆడా తీగలు కలిపి నాటి వచ్చారు. పోయిన వసంతంలో నేనూ వెంట వెళ్ళాను. పిల్ల పైన్ల కింద పెట్టినవి ఎక్కువగా ఎండిపోయాయి. బర్చ్ చెట్ల కింద, మేం ఆశ పెట్టుకోని చోట పెట్టినవి మాత్రం జానెడు మేర పాకి, మొగ్గ తొడిగి ఉన్నాయి.

ఇదెందుకిలా అని అడిగాను.

“తెలీదు,” అంది ఆర్డిత్, మోకాళ్ళ మీద కూర్చుని తీగ కింద మట్టి వేళ్ళతో తీసి వాసన చూస్తూ. “నువ్వూ కూర్చో, చూద్దాం.”