మహారాజు నాన్చుడు

కశ్మీర్ తగవు ఎలా మొదలైందో రెండు నిమిషాల్లో జనానికి అర్థమయ్యేలా రాయమన్నారు మా డైరెక్టరు గారు, సినిమా మొదట్లో వచ్చే వాయిస్ ఓవర్ కోసం. ఆ పని ఫిల్మ్‌నగర్ ఆఫీసులో నాకూ, ఎర్రగడ్డ నుంచి వచ్చే ఇంకో రైటరుకీ పడింది. ఏడేళ్లుగా ఇద్దరం తెర మీద పేరు లేకుండా మాటలు రాస్తున్నాం. ఈసారి పేర్లు వేస్తానని ఆయన మాటిచ్చారు. ఎవరిది ముందో చెప్పలేదు. ఇడ్లీలోకి అల్లం చట్నీయా, కొబ్బరి చట్నీయా తేల్చడానికే అరగంట పట్టే మనిషి మరి.

ఇద్దరం కలిసి రాసింది నేను చదివి వినిపించాను. దేశం రెండు ముక్కలైంది. కశ్మీర్ మహారాజు ఇటా, అటా, అసలు విడిగానే ఉండిపోదామా అని వారాల తరబడి నాన్చాడు. ఈలోగా పాకిస్తాన్ వైపు నుంచి గిరిజన దళాలు వచ్చిపడ్డాయి. అప్పుడు భారత్‌లో కలుస్తానని సంతకం పెట్టాడు. యుద్ధం జరిగింది, వ్యవహారం ఐక్యరాజ్యసమితికి వెళ్లింది, కాల్పులు ఆగినచోట గీత పడింది. తర్వాత ఇద్దరి దగ్గరా అణుబాంబులు చేరాయి, తగవు మాత్రం తెగలేదు.

"ఏం రాజు అమ్మా ఇతను? అన్ని వారాలు తేల్చకుండా కూర్చుంటాడా? ఇంట్రడక్షన్‌లోనే సంతకం పెట్టించేయ్" అన్నారు డైరెక్టరు గారు.

"గట్లయితే లొల్లే లేదు సార్, మన సిన్మానే లేదు" అన్నాడు ఎర్రగడ్డ అతను.

నవ్వాపుకుని అదే ఊపులో అడిగేశాను. "మరి మా పేర్లు సార్? ముందు ఎవరిది?"

"మీరిద్దరూ నాకు రెండు కళ్లమ్మా. చూద్దాం" అన్నారు.

ఆ చూద్దాం నాలుగు నెలలు నడిచింది. రాజు సీను నాది, నా పేరే ముందని నేను, దాడి సీను తనది, తన పేరే ముందని అతను, మాట్లాడుకోవడం మానేశాం. ఇద్దరికీ ఒకటే బల్ల. సిగ్గు విడిచి చెబుతున్నా, నా టీ కప్పు కావాలనే అతని కాగితాల వైపు పెట్టేదాన్ని. అతను వెనక్కి జరిపేవాడు.

పోస్టరు వచ్చింది. ఇద్దరం ఒకే ఫోన్‌లో పెద్దది చేసి చూశాం. కథ, మాటలు, దర్శకత్వం అని ఉంది. పక్కన ఒకటే పేరు, డైరెక్టరు గారిది. పిల్లుల పోట్లాట కోతి తీర్చినట్టయింది. నాకు ఏడుపొచ్చేసింది, దాచను.

"మన లొల్లి తెగిందక్కా" అన్నాడు అతను మెల్లగా.

నా కప్పు నా వైపు జరుపుకున్నాను.