మూడు గుద్దులు

మా మేనమామ పోయిన ఆదివారం వరంగల్‌లో, దవాఖానలో కన్నుమూశాడు. తుపాకులు రిపేరు చేసిన మనిషి అంటే పాతవాళ్లకు గుర్తుండవచ్చు. ములుగు వైపు నుంచి ఒకాయన శవాన్ని చూడటానికి వచ్చాడు. ఆయన కుడిచెయ్యి మణికట్టు దగ్గరే ఆగిపోయింది. "నా చెయ్యి తిన్నోడు మంచిగ నిద్రవోయినట్టే పోయిండు" అని వెళ్లిపోయాడు. నేను పక్కనే ఉన్నాను. నోరు విప్పలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

డెబ్భైల మొదట్లో నేను ఫిజిక్స్ ఎమ్మెస్సీ చదువుతూ, సెలవుల్లో మామ దుకాణంలో కూర్చునేదాన్ని. ట్రిగ్గర్‌నూ, అది నొక్కితే పడే సుత్తినీ కలిపి ఆయన ఘోడా అనేవాడు. అది మార్చినప్పుడల్లా ఖాళీ తుపాకితో రెండు పరీక్షలు. గొట్టం కొసన పైసా పెట్టి నొక్కితే పైసా పడకూడదు. తర్వాత ఘోడా ఎక్కించి, తుపాకి మడమను, అదే భుజానికి ఆనించే కొసను, గోనెసంచి మీద మూడుసార్లు గుద్దితే ఘోడా దానంతటది పడకూడదు. "మొదటిది షోకుకు, రెండోది పానానికి" అనేవాడు.

ఒకరోజు ములుగు దగ్గరి దొర ఒకాయన, పంటమీద పడే పందుల కోసం ఉంచుకున్న బోల్టు రైఫిలు తెచ్చాడు. దాని ఘోడా మొద్దుగా ఉందట. బొంబాయి నుంచి వేరే కంపెనీది తెప్పించుకున్నాడు. మామ దాన్ని బిగించి, ఎంత నొక్కితే పడాలో సర్దే పని నాకిచ్చాడు.

"జర చూసుకో బిడ్డా. మరీ మెత్తగ చెయ్యకు."

మరీ మెత్తగానే చేశాను. పైసా కదల్లేదు. "నీ కోడలు నీకంటె హుషారున్నది" అని దొర మురిసిపోయాడు. ఆ మాట నా తలకెక్కింది. బయట జీపు హారన్ మోగుతోంది. ఒక్కసారి గుద్దాను, నిలిచింది.

"మూడుసార్లు గుద్దినవా?" లోపల్నుంచి మామ.

"గుద్దిన మామా."

వారం తిరగకముందే దొర కాపలాదారు జీపు దిగుతూ రైఫిలు మడమ నేలకు గట్టిగా తాకించాడు. కుడిచెయ్యి గొట్టం మూతి మీద ఉంది. ఘోడా పడింది.

నేను అబద్ధమాడానని మామకు తెలిసిపోయింది. అయినా పోలీసులకు "నా చేతి తప్పే" అని రాసిచ్చాడు. లైసెన్సు పోయింది, దుకాణం పోయింది. సైకిళ్లకు పంక్చర్లు వేసి బతికాడు. నన్ను కాపాడాడు. క్షమించాడని మాత్రం ఏనాడూ అనుకోనివ్వలేదు.

లెక్చరర్‌నై మిఠాయి డబ్బా పట్టుకెళితే, అత్త ఎదుటే మామ అడిగాడు: "ఎన్నిసార్లు గుద్దినవే?"

"ఒక్కసారి."

"ఆఁ. ఇగ తిను."

నా పెళ్లి పందిట్లో అదే ప్రశ్న, బిడ్డ పుట్టిన దవాఖానలోనూ అదే. తట్టుకోలేక, ములుగు పోయి ఆ కాపలాదారుకు చెప్పేస్తానని ఒకసారి ఏడ్చాను.

"చెప్తె చెయ్యి మొలుస్తదా? నీ పానం సల్లవడుతది, గంతే. మొయ్యి."

అది ప్రేమో పగో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. ల్యాబులో ప్రతి వైరూ మూడుసార్లు చూశాకే పిల్లల్ని ముట్టనిస్తాను. ఆ భయం ఆయన పెట్టిన భిక్షే. మొయ్యమన్న మాటను మాత్రం ఇవాళ దాటుతున్నాను, అదీ ఆయన పోయాక. ఇదేం ధైర్యమో!

చివరిరోజు ఆయనకు మాట పడిపోయింది. నన్ను చూసి ఒక వేలు ఎత్తాడు. నీళ్లు అడుగుతున్నాడనుకొని అత్త చెంచాతో పోసింది. మింగలేదు. నీళ్లు పెదవి చివరినుంచి దిండు మీదికి జారిపోయాయి. వేలు అలాగే లేచి ఉంది.