నాడిగారు చెయ్యి పట్టుకుంటే

నాడిగారి చేతికి చెయ్యి చిక్కిన మనిషి నాడి చూపించుకోకుండా బయటపడిన దాఖలా లేదు. నమస్కారం పెట్టి తప్పించుకుందామనుకుంటే, ఆ జోడించిన చేతుల్లోంచే ఒకదాన్ని సుతారంగా విడదీసి, మణికట్టు మీద మూడు వేళ్ళు ఆనించి, కళ్ళు మూసుకుంటారు. ఇక మీ బస్సు వెళ్ళిపోతోందో, మీ పొయ్యి మీద పాలు పొంగుతున్నాయో ఆయనకు పట్టదు. ఒకసారి పన్ను పీకించుకోవడానికి కుర్చీలో వెల్లకిలా పడుకుని కూడా పళ్ళ డాక్టరు చెయ్యి పట్టేసుకున్నారు. నోటినిండా దూది ఉండగానే, "మీకు నిద్ర చాలడం లేదు బాబూ" అన్నారు. బస్సు డ్రైవరైన సొంత కొడుకు స్టీరింగు మీద నుంచి తీసిన చేతులు ఇంట్లో ఉన్నంతసేపూ జేబుల్లోంచి బయటికి తియ్యడు.

నాడిగారు అన్నది జనం పెట్టిన పేరు. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ మందుల షాపు కౌంటరు వెనక నిలబడి పొట్లాలు కట్టారు. అది మానేశాక ప్రార్థనాలయం పెద్ద తలుపు దగ్గర, వచ్చేవాళ్ళను పలకరించే పని తనంతట తానే నెత్తిన వేసుకున్నారు. ఒంటిని చూసుకోవడం భక్తిలో మొదటి మెట్టని ఆయన సిద్ధాంతం. మోకాళ్ళు పట్టేసినవాడి ప్రార్థనలో సగం మోకాళ్ళ గురించే ఉంటుందట. తిన్నది అరగనివాడు దేవుణ్ణి పిలిస్తే పైకి వినపడేది త్రేన్పేనట. "ఒళ్ళు దేవుడు మనకిచ్చిన మొదటి కానుక. కానుకను మూల పడేసి, ఇచ్చినవాడికి దణ్ణాలు పెడితే ఏం బాగుంటుంది?" అనేవారు. దీనికి ఎవరి దగ్గరా సమాధానం లేకపోయేది, ఎందుకంటే అప్పటికే వాళ్ళ చెయ్యి ఆయన చేతిలో ఉండేది.

నాడి చూశాక ఊరికే పంపేవారా అంటే అదీ లేదు. వైద్యం చెప్పేవారు. చెప్పుల షాపాయన నాడి పట్టుకుని, ముద్దకీ ముద్దకీ మధ్య ఎదుటి మనిషితో ఒక మాట మాట్లాడితే తప్ప నీకు తిన్నది అరగదన్నారు. ఆ మహానుభావుడు అప్పటిదాకా షాపులోనే పెట్టెల మధ్య కూర్చుని గబగబా మింగేవాడు. మాట్లాడే మనిషి కోసం మధ్యాహ్నం ఇంటికి వెళ్ళక తప్పలేదు. భార్య మొదటిరోజు భయపడి, షాపు మూసేశారా అని అడిగిందట. పదవీ విరమణ చేసిన లెక్కల టీచరమ్మకు, ఊపిరితిత్తులు బలపడాలంటే రోజూ పైకి చదవాలన్నారు. అయితే గోడలకు చదివితే గుణం ఉండదు, ఎదురింట్లో చూపు ఆనని అవ్వ ఉంది కదా, ఆవిడ పక్కన కూర్చుని చదవమన్నారు. ఒకే ఇంటిని గోడ కట్టి పంచుకుని, ఏళ్ళ తరబడి మాటల్లేని వడ్రంగి అన్నదమ్ముల విషయంలో మరీ విడ్డూరం. అన్న నాడి కుడివైపు లాగుతోందట, తమ్ముడిది ఎడమవైపు లాగుతోందట. ఇద్దరూ పక్కపక్కన నడిస్తేగాని సర్దుకోదట. ప్రాణం మీది తీపితో వాళ్ళు మొహాలు చెరోవైపు తిప్పుకునే సాయంత్రాలు నడవడం మొదలుపెట్టారు.

ఈ వైద్యంతో తల ఎత్తుకోలేకపోయింది మాత్రం ఆయన కోడలు. పాపం, ఆవిడ ఆసుపత్రిలో నర్సు. వడ్రంగి అన్న ఒకసారి డాక్టరు ముందు కూర్చుని, నా నాడి కుడివైపు లాగుతోందండీ అన్నాడు. డాక్టరు కళ్ళజోడు తీసి, ఈ మాట చెప్పిన వైద్యుడెవరని అడిగితే, పక్కనే ఉన్న కోడలు ఫ్యాను ఎన్ని రెక్కలదో మొదటిసారి చూస్తున్నట్టు పైకి చూస్తూ నిలబడింది. ఇంటికొచ్చి మొగుడితో చెప్పుకుంటే అతను జేబుల్లో చేతులు ఇంకాస్త లోపలికి తోశాడు.

ఇలా ఉండగా ప్రార్థనాలయానికి కొత్త బోధకుడు వచ్చాడు. కుర్రవాడు, ఒంటరివాడు, వేళ అంటే వేళే. అతను బోధ మొదలుపెట్టే సమయానికి సగం మంది బయట, చేతులు చాచి వరసలో ఉండేవారు. మూడు వారాలు ఓపిక పట్టి, పెద్దలతో మాట్లాడి, కోడలిని పిలిపించాడు. మామగారిని లోపల కుర్చీలు సర్దే పనికి మార్చాలనుకుంటున్నామని, తలుపు దగ్గర ఇంకెవరైనా నమస్కారం పెట్టి లోపలికి పంపుతారని, ఈ మాట ఆయనకు నొప్పి తగలకుండా ఆవిడే చెప్పాలని అన్నాడు. మొక్కబోయిన దేవుడు ఎదురొచ్చినట్టయింది కోడలికి. సరేనంది.

అన్నదేగాని నోరు రాలేదు. ఆ వారమంతా మాట పెదవి దాకా వచ్చి వెనక్కి వెళ్ళింది. ప్రతి వారం ప్రార్థనకు ముందురోజు మామగారు తెల్లచొక్కా తానే ఇస్త్రీ చేసుకుని, మడత నలగకుండా కుర్చీకి తగిలించి, దాన్ని దాటి నడిచేటప్పుడు కూడా పక్కకు ఒత్తిగిలి నడిచేవారు. అత్తగారు పోయాక ఆయన మళ్ళీ ఇస్త్రీ చొక్కా వేసుకున్నది ఆ తలుపు దొరికాకనే. అది తీసేసుకుంటే మనిషికి మిగిలేదేమిటి? అలాగని ఊరుకుంటే మరుసటి వారం బోధకుడే చెప్పేస్తాడు, అదీ అందరి ముందు.

ముందు ఆ వ్యవహారమేదో కళ్ళారా చూద్దామని, డ్యూటీ మార్పించుకుని ఆ ఉదయం తలుపు పక్కన నిలబడింది. నాడిగారు యథావిధిగా చెప్పుల షాపాయన చెయ్యి అందుకున్నారు. కళ్ళు మూసుకున్నారు. నర్సు కళ్ళు అలవాటు కొద్దీ వేళ్ళ మీదికి పోయాయి. మూడు వేళ్ళూ పొందిగ్గా ఆనింది మణికట్టు మీద కాదు. దాని మీదున్న గడియారం మీద. వెడల్పాటి తోలు పట్టీ మీద. "పోయిన వారానికి ఇప్పటికి చాలా నయం" అన్నారు నాడిగారు. ఆ తర్వాత టీచరమ్మకు మణికట్టు దాకా ఉన్న జాకెట్టు చేతి అంచు మీద చూశారు. వడ్రంగి తమ్ముడికైతే దెబ్బ తగిలి కట్టుకున్న కట్టు మీదే చూసి, ఎడమవైపు లాగుడు తగ్గిందన్నారు.

ఇంటికి వచ్చాక ఆవిడ వంటింట్లోకి వెళ్ళేసరికి, ఆయన పొయ్యి మీద మరుగుతున్న గిన్నె మూత ఒట్టి చేత్తో ఎత్తి, చల్లటిది పట్టుకున్నట్టు పట్టుకుని నిలబడి ఉన్నారు. కోడలు మూత లాగేసుకుంది. వేళ్ళు అప్పటికే ఎర్రబడ్డాయి. కుళాయి కింద పట్టించి, కుర్చీలో కూర్చోబెట్టి, కళ్ళు మూసుకోమంది. చీరకున్న పిన్ను తీసి ఒక్కొక్క వేలికి మెల్లగా ఆనించి, తెలుస్తోందా అని అడిగింది.

"ఏమిటి తెలిసేది?" అన్నారు ఆయన.

దీపం కిందే చీకటి అంటే ఇదే. ఊరందరికీ సూదులు వేసే నర్సు ఇంట్లో, మామగారి వేళ్ళు మొద్దుబారిపోయి ఎంత కాలమయిందో ఎవరికీ తెలియదు. చక్కెర జబ్బేమోనన్న అనుమానం ఆవిడకు వెంటనే వచ్చింది. దానికంటే ముందు కోపం వచ్చింది.

"వేళ్ళకు పిన్నే తెలియనప్పుడు నాడి ఎలా చూస్తున్నారు మామయ్యా?"

ఆయన తడిచేతులు ఒళ్ళో పెట్టుకున్నారు.

"చూడ్డం లేదమ్మా. పట్టుకుంటున్నాను, అంతే" అన్నారు. "ఎలా ఉన్నారంటే బాగున్నామంటారు, వెళ్ళిపోతారు. చెయ్యి పట్టుకుంటే కాసేపు ఆగుతారు. ఆగితే మొహం కనిపిస్తుంది. మీ అత్తయ్య పోయాక తెలిసింది తల్లీ, రోజులు గడిచిపోతాయిగాని ఇంకో మనిషి చెయ్యి ఒంటికి తగలదు. ఒళ్ళు తిండి లేక ఎంత ఎండుతుందో, ఆ చెయ్యి తగలకా అంతే ఎండుతుంది. ఊరికే పట్టుకుంటానంటే చెయ్యి ఎవరిస్తారు? నాడి అంటే ఇస్తారు."

కోడలికి ఒక్కసారిగా ఆయన వైద్యాలన్నీ వరసగా గుర్తొచ్చాయి. అరగడానికి ఎదుటి మనిషి, ఊపిరికి ఎదురింటి అవ్వ, నడకకు తోబుట్టువు. అన్నేళ్ళలో ఒంటరిగా వేసుకునే మందు ఆయన ఒక్కరికీ చెప్పలేదు. ఇన్నాళ్ళూ ఈ మనిషిని చూసి సిగ్గుపడ్డానే అనుకుంటే ఆవిడకు కళ్ళు చెమర్చాయి. వెంటనే కోపం మళ్ళీ అందుకుంది.

"అందరి ఒళ్ళూ దేవుడి కానుకేనా? మీది మాత్రం పక్కింటివాళ్ళు ఇచ్చిందా?" అంది.

మర్నాడు నాడిగారు గొణగకుండా ఆసుపత్రికి వెళ్ళారు. చీటీ రాసే గుమాస్తా అసలు పేరడిగితే, అది గుర్తుకు రాక మామా కోడళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోవాల్సి వచ్చింది. చక్కెర జబ్బే. మందులు, పథ్యం, పాదాలు రోజూ చూసుకోవడం, అన్నీ కోడలి అజమాయిషీలోకి వెళ్ళాయి. పొద్దున్నే ఆవిడ ఆయన మణికట్టు పట్టుకుని నిజంగానే నాడి చూసేది. పని అయిపోయాక కూడా కాసేపు వదిలేది కాదు.

బోధకుడికి మాత్రం ఆవిడ ఏ గుట్టూ చెప్పలేదు. ప్రార్థనాలయానికి పక్కనొక తలుపు మూసి ఉంది కదా, తొందర ఉన్నవాళ్ళకు అది తెరవండి, ఈ ఒక్క వారం చూసి తర్వాత మీ ఇష్టం అంది. న్యాయంగానే ఉందనిపించి బోధకుడు ఆ తలుపు తెరిపించి, నమస్కారం పెట్టడానికి తానే నిలబడ్డాడు. ఆ దారిన వచ్చింది ఫ్యాను బాగుచెయ్యడానికి వచ్చిన ఎలక్ట్రీషియన్ ఒక్కడే. అతను కూడా పని అయ్యాక చుట్టూ తిరిగి పెద్ద తలుపు దగ్గర వరసలో నిలబడ్డాడు. నాడిగారికి తలుపు పోతుందన్న మాట ఎలా పొక్కిందోగాని, జనం ఆ రోజు చాలా ముందే వచ్చి చేతులు చాచారు. వడ్రంగి అన్నదమ్ములు పక్కపక్కనే నిలబడి, ఎవరు ముందు అన్నదాని మీద మాట్లాడుకుంటున్నారు కూడా.

వేళ దాటకుండానే అందరూ లోపలికి వచ్చి కూర్చున్నారు. నాడిగారూ కోడలూ కాక బయట మిగిలింది బోధకుడే. ఖాళీ తలుపు దగ్గర కాసేపు అటూ ఇటూ చూసి, తానూ చుట్టూ తిరిగి నాడిగారి ముందుకొచ్చాడు. చెయ్యి చాపాక గుర్తొచ్చి, గడియారం పట్టీ విప్పబోయాడు.

"ఉండనివ్వండి అయ్యా, అడ్డం కాదు" అన్నారు నాడిగారు. పట్టీ మీదే మూడు వేళ్ళూ ఆనించి కళ్ళు మూసుకున్నారు. తెరిచి, ఆ కుర్రవాడి మొహంలోకి చూస్తూ, "రాత్రిపూట ఒక్కరే తింటున్నారు. ఒక్కోసారి తినడమూ లేదు. ఇవాళ్టి నుంచి మా ఇంటికి రండి. తీపి మాత్రం దొరకదు, మా ఇంట్లో ఈమధ్య భక్తి పెరిగింది" అన్నారు.

బోధకుడు చెయ్యి వెనక్కి తీసుకోలేదు. లోపల జనం కాచుకుని ఉన్నారన్నది కూడా మరిచిపోయినట్టున్నాడు. పక్కనున్న కోడలి వైపు తిరిగి, "ఇది కూడా నాడిలో తెలుస్తుందా నర్సుగారూ?" అని మెల్లగా అడిగాడు.

కోడలు డ్యూటీలో ఉన్నప్పటి మొహం పెట్టుకుంది.

"మా మామయ్యకు తెలుస్తుందండీ" అంది.