మా మరిదికి నేను పెట్టిన మందు

పిడికెడు మునగాకు ఒక కాపురాన్ని కూల్చగలదంటే మీరు నమ్మరు. ఆ కాపురం నాది కాకపోయి ఉంటే నేనూ నమ్మేదాన్ని కాదు. ప్రపంచమంతా యుద్ధంలో మునిగి ఉన్న రోజులవి. బియ్యానికి కరువు, చక్కెరకు కరువు, కిరసనాయిలుకు కరువు. మా ఇంట్లో కరువు లేనిది ఒక్కటే: అనుమానం. దాన్ని బానల కొద్దీ పండించింది నేనే.

కార్వేటినగరంలో పుట్టి పెరిగి, పద్దెనిమిదేళ్లకు తిరుపతికి కాపురానికి వచ్చాను. ఇంట్లో మేం నలుగురం. ఇత్తడి సామాన్ల అంగడి నడిపే మా ఆయన, మా అత్త నాంచారమ్మ, మా మరిది మునిరత్నం, నేను. మునిరత్నానికి పదిహేనేళ్లు. కడగొట్టు బిడ్డ కాబట్టి మా అత్త వాణ్ని కన్నట్టు కాక, తవ్వి తీసిన నిధిలా చూసుకునేది. చక్కెర దొరక్కపోతే బెల్లంతో బూందీ చేసి పెట్టేది. వాడు పొద్దున లేస్తే కాఫీ, కాఫీ మీదికి మురుకులు, మురుకుల మీదికి బూందీ. ఆకుకూర కంటబడితే చాలు, కంచంలో పాము కనిపించినట్టు ఎగిరి అవతల పడేవాడు.

ఆ తిండికి తగ్గట్టే మొహం నిండా మొటిమలు. వాటి మీద స్నో, స్నో మీద పౌడరు. వాడు బడికి బయలుదేరితే సున్నం కొట్టిన గోడ నడిచిపోతున్నట్టు ఉండేది.

నేను వచ్చిన కొత్తలో అందరం కొండకు బయలుదేరాం. గాలిగోపురం ఇంకా కనుచూపు మేరలో లేదు, మునిరత్నం మెట్టు మీద కూలబడ్డాడు. "నన్ను ఈడనే వదిలేయండి. మునిరత్నం ఇంతదాకా వచ్చినాడని సామికి సెప్పండి" అన్నాడు. మా అత్త ఏడ్చింది. చివరికి డోలీ మాట్లాడితే, మోసేవాళ్లు వాణ్ని కిందికీ మీదికీ చూసి, "అమ్మా, పిల్లోడు ఒకడే గదా? లోపల ఇంకెవరన్నా ఉండారా?" అన్నారు. అందరూ నవ్వారు. మునిరత్నం నవ్వలేదు.

ఇంటికొచ్చాక పెరట్లో నా దగ్గర చేరి కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. "వదినా, బళ్లో నన్ను బూందీమూట అంటారు. నువ్వు శానా తెలివిగలదానివి. ఏమన్నా సెయ్యి. కానీ ఆకులు తినమని మాత్రం అనొద్దు."

తెలివిగలదానివి అన్నాడు చూశారా, అక్కడే పడిపోయాను. ఎవరన్నా పొగిడితే మునగచెట్టు ఎక్కిస్తున్నారంటారు కదా, నేను నిజంగానే ఎక్కాను. మా పెరటి మునగచెట్టెక్కి ఆకు దూసి, నీడలో ఆరబెట్టి, మెత్తగా దంచి మూట కట్టాను. తినమంటే తినడు కాబట్టి తెలియకుండా తినిపిస్తాను, ఒక్కసారిగా కాదు, మెల్లమెల్లగా. ఇదీ నా పథకం.

మొదట కారంపొడిలో చిటికెడు మునగాకు. వాడు పట్టలేదు. ఆపైన దోసెపిండిలో కాస్త రాగిపిండి. "దోసె నల్లగుండాది ఏంది వదినా?" అంటే, "పెనం పాతది" అన్నాను. కాఫీపొడిలో వేయించి కొట్టిన ధనియాలు రోజురోజుకూ పెంచుతూ, కాఫీగింజలు తగ్గిస్తూ వచ్చాను. కొన్నాళ్లకు వాడు తాగేది కాఫీ పేరు పెట్టుకున్న ధనియాల కషాయం. మా అత్తకు ఇదంతా చెప్పి ఉండొచ్చు కదా అంటారేమో. చెప్పి ఉంటే ఈ కథే లేదు. కొత్త కోడలు వచ్చీరాగానే, "మీ బిడ్డకు మీరు పెట్టే తిండి మంచిది కాదత్తా" అంటే ఏమవుతుందో మీకు తెలియనిదా?

తిండితో ఆగి ఉన్నా బాగుండేది. నా కన్ను వాడి పౌడరు డబ్బా మీద పడింది. అందులో ఉన్నది చాలావరకు దులిపేసి, పెసరపిండి, కస్తూరిపసుపు, వేపాకు పొడి పలచటి గుడ్డలో జల్లించి నింపాను. మొటిమలకు దివ్యౌషధం. అయితే పైకి పౌడరు తెల్లగా కనిపించాలని అడుగున ఇది, మీద కాస్త అది వేశాను. పైనున్న పౌడరు అయిపోయిన రోజు ఎండ మండిపోతోంది. బళ్లో వ్యాయామం చేయించారట. చెమట పట్టింది.

సాయంత్రం వాడు ఇంట్లో కాలు పెడితే మా అత్త కెవ్వుమంది. మొహం పచ్చగా, మెడ పచ్చగా, చొక్కా కాలరు పచ్చగా ఉన్నాయి.

"నాయనా! పసిరికలు తగిలినాయిరా!"

అరుపు విని పక్కింటి పాపమ్మక్క గోడ మీదుగా తల పెట్టింది. ఆమెకు గోడ మీద తల పెట్టడం తప్ప వేరే పని ఉండేది కాదు. "పసిరికలైతే కండ్లు పచ్చగుంటాయి నాంచారమ్మా. వీడి కండ్లు తెల్లగుండాయే. తిండి తింటాండాడా?"

"బూందీ వద్దంటాండాడక్కా. తీపి ఎక్కువంటాడు."

"ఆ! ఒళ్లు తగ్గిందా?"

"తగ్గింది."

"మరేం తింటాడు?"

మునిరత్నం అమాయకంగా, "వదిన దోసె తప్ప నాకు ఇంకేం సయించదు పెద్దమ్మా" అన్నాడు.

పాపమ్మక్క గోడ మీద నుంచి నా వైపు చూసింది. మా అత్త చూసింది. గొంతు తగ్గించి, పెరడంతా వినపడేలా అంది పాపమ్మక్క: "ఇది రోగం కాదు. మందు పెట్టినారు."

మందు పెట్టడమంటే మా వైపు మామూలు మాట కాదు. మనిషిని తన చెప్పుచేతల్లోకి తెచ్చుకోవడానికి అన్నంలో ఏదో కలిపి పెడతారని, తిన్నవాడు చిక్కి శల్యమై, పెట్టినవాళ్ల వెంట దూడలా తిరుగుతాడని నమ్మకం. మునిరత్నం అప్పుడు సరిగ్గా నా వెనకాలే నిలబడి, "వదినా, ఆకలి" అంటున్నాడు.

ఆ రోజు నుంచి మా ఇంట్లో అందరూ ముక్కులతో బతకడం మొదలుపెట్టారు. మా అత్త ప్రతి గిన్నెనూ వాసన చూసేది. నేను వంటింట్లోకి పోతే తలుపు సందులో ఒక కన్ను ఉండేది. మునిరత్నం మొదటి ముద్ద పిల్లికి వేసి, అది కళ్లు తేలేస్తుందేమోనని చూసి, తర్వాత తినేవాడు. ఆ పిల్లి మాత్రం దినదినం నిగనిగలాడింది. మా ఆయన కూడా కాఫీ లోటాలోకి తొంగి చూసి, "నాకు గూడా ఏమన్నా పెడతాండావా?" అన్నారు.

"పెట్టింటే మీరు ఇట్ల ఉంటారా?" అన్నాను. అది ఓదార్పో తిట్టో తేల్చుకోలేక ఆయన కాఫీ వదిలేసి అంగడికి పోయారు.

అప్పుడైనా మూట తెచ్చి అందరి ముందూ విప్పి ఉంటే సరిపోయేది. నేను విప్పలేదు, దాచాను. మునగాకు దంచనేల, మూట దాచనేల! బియ్యం బాన వెనక దాచిన మూటను మా అత్త మరునాడే పట్టుకుని, రెండు వేళ్లతో తేలును ఎత్తినట్టు ఎత్తి చూపించింది.

"ఏంది మే ఇది?"

"వేపాకు పండ్లపొడి అత్తా."

"పండ్లపొడి బియ్యం బాన ఎనకాల ఎందుకు పెడితివి?"

"చీమలు పడతాయని..."

"వేపాకుకు చీమలు పడతాయా? సరే, తోముకో సూస్తాం."

తోముకున్నాను. మునగాకు పొడితో పళ్లు తోముకుంటే నోరు ఎలా ఉంటుందో మీకు తెలియదు. ఎద్దు మేత మేస్తుండగా పిలిస్తే ఎలా తిరిగి చూస్తుందో అలా ఉన్నాను. మా అత్త చూసి, "కార్వేటినగరంలో ఇట్లనే తోముకుంటారా?" అని, నా ట్రంకుపెట్టె తెచ్చి వసారాలో పెట్టింది. చంద్రగిరి పక్క పల్లెలో మందు తీసే తాత ఉన్నాడట. ముందు అక్కడికి, ఆ తాత నా పేరు చెబితే అటునుంచి అటే నన్ను పుట్టింటికి. ఏడుస్తూ పెట్టెతో సహా ఎద్దులబండి ఎక్కాను. నాయన ముందు ఏ మొహంతో నిలబడాలి? మరిదికి మందు పెట్టి వచ్చిన బిడ్డకు ఏ ఊళ్లో చోటుంటుంది? ఆ దారిలో మాత్రం నాకు నవ్వు రాలేదు.

తాత మునిరత్నం నాలుక చూశాడు, కనురెప్ప లాగి చూశాడు, నాడి పట్టాడు. "పెట్టినారు" అన్నాడు.

"ఎవరు సామీ?" మా అత్త ముందుకు వంగింది.

"పెట్టింది ఎవరంటే కాపురాలు పోతాయమ్మా. అది నేను సెప్పను. విరుగుడు ఇస్తా, తీసకపో." పొట్లం కట్టి ఇచ్చాడు. "దీన్ని పూటా రాగిసంగట్లో కలిపి పెట్టు. కాఫీ, బూందీ ముట్టగూడదు, ముడితే మందు మళ్లా పట్టుకుంటాది. మొగానికి సున్నిపిండే. ఆకుకూర ఎంత తింటే అంత తొందరగా ఇరుగుతాది. పొద్దున్నే అలిపిరి దాకా నడిచి రావల్ల."

తాత నా పేరు చెప్పకపోవడంతో నా పెట్టె మళ్లీ ఇంటికి వచ్చింది. ఆ పొట్లం నా ఒళ్లో పెట్టుకుని వచ్చాను. వాసన చూశాను. అచ్చంగా మునగాకు.

నోరు మూసుకున్నాను. ప్రాణభయం ఎంత గొప్ప వంటమనిషో అప్పుడు చూశాను. నేను చిటికెడు తినిపించడానికి దొంగలా నానా పాట్లు పడ్డానా, మునిరత్నం ఇప్పుడు పిడికెళ్లతో తిన్నాడు. తోటకూర, పొన్నగంటి, చెంచలి కూర, ఏది పెట్టినా, "ఇంకొంచెం ఎయ్యమ్మా, ఇరగాల" అనేవాడు. కొన్ని నెలలకు మొటిమలు మాడిపోయాయి. పొట్ట లోపలికి పోయింది. ఒక శనివారం మళ్లీ కొండకు బయలుదేరాం. గాలిగోపురం దగ్గర వాడు మాకంటే ముందు చేరి, పైనుంచి, "అమ్మా, డోలీ మాట్లాడమంటావా?" అని కేకేశాడు.

మా అత్త ఆనందానికి అంతు లేదు. దర్శనమై బయటికొచ్చి ఒకచోట కూర్చుని ప్రసాదం తింటూ, "ఆ తాత దేవుడు మే! ఆ విరుగుడులో ఏం మహిమ ఉండాదో!" అంది.

ఆ చల్లగాలికి నాకు ధైర్యం వచ్చింది. "మహిమ కాదత్తా, అది మునగాకు. నేను ముందు వేసిందీ అదే" అన్నాను.

మా అత్త నమలడం ఆపింది. "ఏందీ?"

"ఆ తాత ఇచ్చిందే నేనూ పెట్టినానత్తా. వాడి మంచికే!"

"అయితే నువ్వు పెట్టిన మాట నిజమే!" అంది మా అత్త.

"అది మందు కాదత్తా, అదే పొడి..."

"అదే పొడైతే నువ్వు పెట్టినప్పుడు నా మొగం పచ్చగెందుకయింది? తాత పెడితే బాగెందుకయింది?" అన్నాడు మునిరత్నం. వాడికి తర్కం కూడా అప్పుడే వికసించింది.

మా ఆయన వైపు చూశాను. ఆయన ఆకాశం వైపు చూశారు.

కొండ దిగాక మా అత్త ఇంటికి కూడా రాకుండా నేరుగా చంద్రగిరి బండెక్కింది. పెద్ద పొట్లం తెచ్చింది. "నన్ను పుట్టింటికి పంపొద్దత్తా" అని కాళ్లు పట్టుకోబోతే, లేవనెత్తి చాప మీద కూర్చోబెట్టింది. "పంపను పో. నీకు మందు పెట్టే బుద్ధి పోయేదానికి తాత ఇచ్చినాడు. పూటా సంగట్లో తినల్ల. కాఫీ ముట్టగూడదు."

తిన్నాను. ఆ ఏడాదంతా తిన్నాను. నా బుద్ధి మారిందో లేదో తెలియదు గానీ, జుట్టు మాత్రం మోకాళ్ల దాకా పెరిగింది.

కాబట్టి ఏడుకొండల మీద ఒట్టేసి చెబుతున్నాను. ఈ చేత్తో ఇంకెవరికీ, బతికి ఉండగా, చెప్పకుండా ఏదీ పెట్టను. మా ఇంటికి భోజనానికి వచ్చినవాళ్లు నా కేకలకు బెదిరిపోకండి. పప్పు వడ్డిస్తూ "ఇది పప్పు!" అని, మజ్జిగ పోస్తూ "ఇది మజ్జిగ!" అని వీధి చివరిదాకా వినపడేలా అరుస్తాను. నీళ్లు పోసేటప్పుడైతే ఇద్దరు సాక్షులను పిలుస్తాను.